పాత కెర్నెల్‌కి మారినా లేవని కార్డు

కొత్త లినక్స్ కెర్నెల్ వేసి రీస్టార్ట్ చేయగానే నెట్ పోయిందంటే, అలవాటున్నవాళ్లు ముందు బూట్ మెనూలో పాత కెర్నెల్‌ని ఎంచుకుని చూస్తారు. అందులో నెట్ వస్తే నెట్‌వర్క్ కార్డుకి ఢోకా లేనట్టే. కొత్త కెర్నెల్‌కి డ్రైవర్ పొసగలేదో, ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదో, కార్డుకున్న ఈటీహెచ్0 అన్న పేరు ఈఎన్‌పీ3ఎస్0గా మారి పాత సెట్టింగులు చెల్లకుండా పోయాయో చూసుకుంటే చాలు.

2008 సెప్టెంబరులో ఈ ఉపాయం పారలేదు. లినక్స్ 2.6.27 పరీక్షా ప్రతులు వేసుకున్న కొందరి కంప్యూటర్లలో, ఈ1000ఈ డ్రైవర్‌తో నడిచే ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు మూగబోయాయి. పాత కెర్నెల్‌కి వెళ్లినా ఉలకలేదు.

కెర్నెల్ సందేశాలు తెరిస్తే, ఎన్‌వీఎం చెక్‌సమ్ చెల్లదని ఒక్క వరుస కనిపించేది. కార్డుకి కరెంటు పోయినా చెరగని చిన్న మెమరీ ఒకటి ఉంటుంది, అదే ఎన్‌వీఎం. మ్యాక్ అడ్రసు ఉండేది అందులోనే. దాని మొదటి 64 గడుల్లోని సంఖ్యలన్నీ కూడి, చివరి 16 బిట్లు తీసుకుంటే 47802 రావాలి. షోడశాంశ పద్ధతిలో అది బీ, ఏ, బీ, ఏ. లెక్క తప్పితే డ్రైవర్ ఆ కార్డుని నడపనంటుంది.

పోయింది నెట్ కనుక అందరి అనుమానమూ ముందు డ్రైవర్ మీదికే వెళ్లింది. చివరికి పట్టుబడింది ఎఫ్‌ట్రేస్. కెర్నెల్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో కనిపెట్టే ఈ సాధనానికీ నెట్‌వర్క్‌కీ ఏ చుట్టరికమూ లేదు. ప్రతి ఫంక్షన్ మొదట్లో ఉండే ఒక పిలుపు చిరునామాని అది రాసిపెట్టుకుని, తీరిగ్గా అక్కడికెళ్లి ఆ పిలుపుని చెరిపేస్తుంది. అయితే మొదలయ్యేటప్పుడు మాత్రమే పనికొచ్చే కోడుని కెర్నెల్ ఆ తర్వాత ఖాళీ చేయించి, ఆ చిరునామాలని వేరే పనులకి ఇచ్చేస్తుంది. కొన్నిసార్లు అవి కార్డు ఎన్‌వీఎం దగ్గరికి దారితీశాయి.

ఎఫ్‌ట్రేస్ రాసినవాళ్లు జాగ్రత్త పడకపోలేదు. అక్కడ ఆ పిలుపే ఉందా అని పోల్చి, ఉంటేనే మార్చే ఆదేశాన్ని వాడారు. నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇక్కడే. పోలిక కుదరకపోయినా, ఎక్స్86 ప్రాసెసర్లలో ఆ ఆదేశం చదివిన విలువనే మళ్లీ రాస్తుంది. ర్యామ్‌లో అయితే ఉన్నదే మళ్లీ పడుతుంది, నష్టం లేదు. పరికరం రిజిస్టర్లో పడే ప్రతి రాతా ఒక ఆజ్ఞ కావచ్చు. ఆ ఆజ్ఞలకే కార్డు మెమరీ చెడిపోయింది.

ఇంటెల్ ఇంజనీర్లు డ్రైవర్‌లో మార్పుచేసి ఎన్‌వీఎంలోకి రాతలు పోకుండా తాళం వేశారు. 2.6.27 అక్టోబరు 9న వచ్చింది. 15న వచ్చిన 2.6.27.1లో ఎఫ్‌ట్రేస్ కోడు మార్చే భాగాన్ని ఆపేశారు. అప్పటికే చెడినవాటిలోకి సరైన విలువలు మళ్లీ రాయాలంటే ఆ విలువలు ఎక్కడో ఒకచోట ఉండాలి. కార్డు బాగున్నప్పుడే ఈథ్‌టూల్ అనే సాధనానికి చిన్న ఈ ఆప్షన్ ఇచ్చి, ఆ మెమరీ నకలుని ఫైలులోకి తీసి, వేరే డిస్కులో ఉంచుకోవచ్చు. ఒక్క నిమిషం పని.