మట్టి సైనికుడికి ఎంత ఖర్చవుద్ది? కొల్లేటి బురదతో గోలెం లెక్క

పోయిన ఎపిసోడ్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఎలా ఆడతారో, డంజన్ మాస్టర్ పనేంటో చెప్పుకున్నాం. ఈరోజు డబ్బుల లెక్క. ఆ లోకంలో ఒక కృత్రిమ సైనికుణ్ని తయారు చెయ్యాలంటే ఎంతవుద్ది, అసలు అంత పెట్టడం దండగా కాదా, అదీ టాపిక్.

ముందు మన దగ్గర నుంచే మొదలెడదాం. పంచాంగంలో శాలివాహన శకం అని చూస్తుంటారు కదా, క్రీ.శ. 78 నుంచి లెక్కపెట్టేది. ఆ శాలివాహనుడి మీద ఒక పాత కథ ఉంది. కుమ్మరింట్లో పెరిగాడు, మట్టితో ఏనుగులు, గుర్రాలు, సైనికులు చేసుకుని ఆడుకునేవాడు. విక్రమార్కుడు దండెత్తి వస్తే ఆ బొమ్మలకే ప్రాణం పోసి యుద్ధానికి పంపాడు. ఇది చరిత్ర కాదండి, కథే. కానీ మన కుమ్మరులు ఇవాళ్టికీ తమని శాలివాహనులు అని చెప్పుకుంటారు. అంటే మట్టి సైన్యం ఐడియా ఏ ఇంగ్లీషు గేమో కనిపెట్టింది కాదు.

కాకపోతే మన కథలో ఎవరూ బిల్లు రాయలేదు. గేమ్ రూల్‌బుక్ రాసింది.

నేను చెప్పే లెక్క 2003లో వచ్చిన 3.5 ఎడిషన్‌ది. కొత్త ఎడిషన్లలో రేట్లు వేరు. నాకు మాత్రం ఇదే ఇష్టం, ఎందుకంటే ఇందులో ఖర్చు విడివిడిగా కనిపిస్తుంది. మట్టి సైనికుణ్ని ఇందులో క్లే గోలెం అంటారు. గోలెం అన్న మాట యూదుల జానపద కథల్లోంచి వచ్చింది, అక్కడా అది మట్టితో చేసిన మనిషే.

మా గ్రూపులో ఏలూరు వాళ్లం, తాడేపల్లిగూడెం వాళ్లు, కైకలూరు నుంచి ఒక తమ్ముడు ఉన్నాం. మా ఆటలో రాజ్యం కొల్లేరు లాంటి ఒక సరస్సు, చుట్టూ లంక గ్రామాలు. రాజు ఖజానాలో 22,000 బంగారు నాణేలు. శత్రువు వస్తున్నాడు. కైకలూరు తమ్ముడు వెంటనే అన్నాడు, "అన్నా, గోలెం చేసేద్దాం. కొల్లేట్లో బురదకి కరువా?"

ఇక్కడే చాలామంది పడిపోతారు. గోలెంకి కావల్సిన మట్టి 1,000 పౌండ్లు, అదీ ఒకే ముద్దగా. మన లెక్కలో 454 కిలోలు, అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు ఆరు. మట్టి ఫ్రీ అనుకోండి. దానికి పట్టించే అరుదైన నూనెలు, పొడులకి 1,500 బంగారం. మొత్తం ఖర్చు ఎంతో తెలుసా? 21,500. అంటే మిగిలిన 20,000 మంత్రానిదే. మట్టి ఊరికే వచ్చినా బిల్లు అంగుళం కదలదు.

ఇంకా ఉంది. చేసేవాడు కనీసం 11వ లెవెల్ వాడై ఉండాలి. చచ్చిపోయినవాణ్ని బతికించేంత పెద్ద మంత్రం వచ్చి ఉండాలి. 40 రోజులు అతను వేరే పని పెట్టుకోకూడదు. పైగా అతని అనుభవంలోంచి 1,540 పాయింట్లు పోతాయి. అంటే బొమ్మకి పోసే ప్రాణంలో కొంత చేసేవాడి ఆటలోంచే తీస్తారు. ఈ రూల్ రాసినవాడికి నా సలాం.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. అదే ఎడిషన్‌లో ఒక కిరాయి సైనికుడి కూలి రోజుకి 3 వెండి నాణేలు. 10 వెండి అంటే 1 బంగారం. ఏడాదికి 109న్నర బంగారం. కత్తికి 15, గుబ్బల తోలు కవచానికి 25 కలుపుకుంటే ఒక్కో మనిషికి మొదటి ఏడాది దాదాపు 150. అంటే ఒక్క గోలెం డబ్బుతో 143 మందిని ఏడాది పొడుగునా పెట్టుకోవచ్చు.

అలాగని గోలెం దండగ అని కాదు. మామూలు కత్తి దెబ్బకి ఎక్కువలో ఎక్కువ 8, మనిషి కాస్త బలంగా ఉంటే 9. గోలెం ప్రతి దెబ్బలోంచీ 10 తగ్గించేసుకుంటుంది. క్రిటికల్ పడితే తప్ప గీత కూడా పడదు. తిండి అడగదు, నిద్రపోదు. ఒక వంతెన మీదో, కోట గుమ్మంలోనో నిలబెట్టారంటే ఇక తిరుగులేదు. కానీ సరస్సుకి గుమ్మం ఎక్కడుంది? శత్రువు దోనెల మీద ఏ లంకకైనా వస్తాడు. గోలెం ఒక్కచోటే ఉంటుంది, 143 మంది ప్రతి గట్టు మీదా ఉంటారు.

అసలు దెబ్బ ఇంకోటి ఉంది. క్లే గోలెం యుద్ధంలో దిగాక మొదటి రౌండ్‌లో అదుపు తప్పే అవకాశం 1 శాతం. రెండో రౌండ్‌లో 2, మూడో దాంట్లో 3, అలా పెరుగుతూ పోతుంది. రౌండ్ అంటే 6 సెకన్లు. పది రౌండ్లు, అంటే ఒక్క నిమిషం యుద్ధం చేస్తే ఎక్కడో ఒకచోట తిరగబడే అవకాశం ఎంతో నేను లెక్కేశాను. 43 శాతం! తిరగబడ్డాక పక్కన ప్రాణంతో ఎవడుంటే వాడి మీద పడుద్ది, మనోడా పరాయోడా చూడదు. మళ్లీ అదుపులోకి తెచ్చే దారి లేదని రూల్‌బుక్కే చెప్తుంది. ఈ ఖర్చు బిల్లులో ఉండదు, చూశారా.

మా టేబుల్ మీద తేల్చింది మాత్రం ఈ లెక్కలేవీ కావు. గూడెం కుర్రాడి క్యారెక్టర్ ఒక లంక పెద్ద. అతను అడిగాడు, "ఆ 20,000 పూజారి మంత్రాలకి పోతే మా ఊళ్లకి ఏమొస్తుందండి? కూలి ఇస్తే మా వాళ్లు ఆ డబ్బుతో బియ్యం కొంటారు, దోనెలు బాగుచేసుకుంటారు." వరికోత మిషన్ చేలో దిగితే గట్టు మీద కొడవలి పట్టుకుని నిలబడినవాళ్లని చూసినోడు కదా, ఆ మాట అతని నోట అలా వచ్చేసింది. మేం 100 మందిని పెట్టుకున్నాం. మిగిలిన డబ్బు గట్లకీ, దోనెలకీ పెట్టాం. తమ్ముడి బురద కూడా వృథా పోలేదు, ప్రాణం పోయకుండా ఉత్త బొమ్మలు చేసి దూరం నుంచి సైనికుల్లా కనిపించేట్టు నిలబెట్టాం.

సరే, బొమ్మకి మంత్రమే కాదు, మనసు కూడా ఉంటే? దానికి ఎబెరాన్ ప్రపంచం చూడాలి. కీత్ బేకర్ సృష్టి, 2004లో పుస్తకంగా వచ్చింది. అందులో రాజ్యాలన్నీ కలిసి వందేళ్ల పైగా కొట్టుకుంటాయి. చివరి దశాబ్దాల్లో హౌస్ కానిత్ అనే వ్యాపార కుటుంబం కొలిముల్లో చెక్క, రాయి, ఇనుముతో సైనికుల్ని చేసి అమ్ముతుంది. పేరు వార్‌ఫోర్జ్డ్. వీళ్లకి తిండీ నిద్రా అక్కర్లేదు. కానీ ఆలోచిస్తారు, భయపడతారు, స్నేహం చేస్తారు.

యుద్ధం ముగిసింది. థ్రోన్‌హోల్డ్ ఒప్పందంలో వీళ్లకి స్వేచ్ఛ ఇచ్చారు, కొలుములు మూసెయ్యమన్నారు. కొన్న రాజుల డబ్బు పోయింది. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఇంకా అలాగే ఉంది కదా. అది కాంక్రీటు, ఎన్నేళ్లైనా పడుంటుంది, ఎవర్నీ ఏమీ అడగదు. వార్‌ఫోర్జ్డ్ లేచి నడుస్తాడు, పని అడుగుతాడు. రాత్రంతా పనిచేస్తాడు, అన్నం ఖర్చు లేదు. మరి పక్కన రోజుకి 1 వెండి నాణెం తెచ్చుకునే కూలీ అతన్ని ఏ కళ్లతో చూస్తాడు?

మీ గ్రూపులో ఎవరైనా వార్‌ఫోర్జ్డ్ క్యారెక్టర్ తీసుకుంటే ఒక ప్రశ్న అడగండి. "నిన్ను చేయించడానికి డబ్బు కట్టింది ఎవరు? వాళ్లు ఇంకా బతికే ఉన్నారా?" సగం కథ అక్కడే దొరికేస్తుంది. ఉంటానండి.