వంక నీళ్ళ సీసా

నిరుడు వేరుశనగ విత్తేముందు, ధర్మవరం దగ్గరున్న మా చేని పక్క వంకలో నీళ్ళు నల్లగా పారాయి. ఎగువన పట్టునూలుకు రంగులద్దే షెడ్డొకటి ఉంది. మా నాయన ఒక సీసా నింపి, "సైన్సు సదువుతాండావు గదా, ఇందులో ఏముందో సూడు. ఈ నీళ్ళు చేనికి పెట్టొచ్చునా?" అన్నాడు. ఆ సీసాతో రైలెక్కి, పెనుకొండ దాటి, హిందూపురంలో కాలేజీకి చేరాను.

పట్టుకు వాడే ఆమ్ల రంగులు నీటిలో సులువుగా కరుగుతాయి. నీటిని మరిగిస్తే అన్నీ కలిసి అడుగున మిగులుతాయే గాని విడివడవు. వాటిని విడదీసే ఉపాయమే ద్రవ క్రోమటోగ్రఫీ. రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు త్స్వెత్ సుద్దపొడి నింపిన గాజుగొట్టంలో ఆకుల రంగులను విడదీసి, 1906లో దీనికి 'రంగుల రాత' అనే అర్థమొచ్చే ఈ పేరు పెట్టాడు. 1941లో దీన్ని కొత్తదారి పట్టించిన మార్టిన్, సింజ్‌లకు 1952లో నోబెల్ బహుమతి లభించింది.

పెనుకొండ బాబయ్య ఉరుసులో అంగళ్ళ వీధిని తలచుకోండి. అందరూ ఒకేసారి బయలుదేరినా, అంగడంగడికీ ఆగేవారు వెనకబడతారు. ఆగనివారు ముందు బయటపడతారు. అంగళ్ళు స్థిర ప్రావస్థ. ముందుకు తోసే ద్రవం చలన ప్రావస్థ.

మా లెక్చరర్‌గారి సలహాతో వడపోత కాగితం పట్టీ మీద ఆ నీటిచుక్క పెట్టి, కొసను ఉప్పునీటిలో ముంచాను. నలుపు కాస్తా ఎరుపు, నీలం, పసుపుగా విడిపోయింది. సంతోషంతో ఇంటికి చెబితే నాయన, "సరే, వాటి పేర్లేమి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

విడదీయడం వేరు, గుర్తించడం వేరు. పెద్ద ప్రయోగశాలల్లో కాగితానికి బదులు, సన్నని సిలికా రేణువులు దట్టించిన స్టీలు గొట్టంలోకి పంపు ఒత్తిడితో ద్రవాన్ని పంపుతారు. ఆ సిలికాకు నూనెగుణమున్న పూత ఉంటుంది. ఆమ్ల రంగులకు నీరంటేనే మక్కువ గనుక అక్కడ నిలవక, కలిసికట్టుగా బయటికొచ్చేస్తాయి. అందుకని టెట్రాబ్యూటైల్ అమ్మోనియం లవణం కలుపుతారు. దాని ధనావేశం రంగు ఋణావేశంతో జతకట్టి, దాన్ని గొట్టంలో కొంతసేపు నిలుపుతుంది. అప్పుడు ఒక్కొక్కటీ వేరువేరు నిమిషాలకు వెలుపలికి వస్తుంది.

ఆ నిమిషం, పేరు తెలిసిన రంగు వచ్చే నిమిషంతో సరిపోతే చాలునా? చాలదు. ఒకే రైల్లో దిగినవాళ్ళంతా ఒకే ఊరివాళ్ళు కారు. తెలిసిన రంగును నమూనాలో కలిపి చూడాలి. కాంతిని పీల్చే తీరు పోల్చాలి. ద్రవ్యరాశి స్పెక్ట్రోమీటరులో అణువు బరువు తూయాలి. ఇన్ని సాక్ష్యాలూ కలిస్తేనే పేరు.

ఇంకొక సంగతి. అద్దకంలో ఎసిటిక్ ఆమ్లం, గ్లాబర్ లవణం కూడా వాడతారు. వీటికి రంగులేదు, నా కాగితం మీద కనపడవు. చేనికి ఉప్పే ఎక్కువ చేటు కావచ్చు. అటువంటి అయాన్లను కొలిచే అయాన్ క్రోమటోగ్రఫీ 1975లో వెలువడింది.

చివరికి నాయనకు ఇట్లా చెప్పాను: "కనీసం మూడు రంగులుండాయి. పేర్లు తెలీవు. ఉప్పెంతో తెలీదు. తెలిసేదాకా ఆ నీళ్ళు పెట్టొద్దు."

"ఈ మాత్రం నాకూ తెలుసు గదరా" అని నవ్వాడాయన. కానీ సీసా పారెయ్యలేదు. మూత బిగించి, పేరు తెలిసే రోజు కోసం గూట్లో పెట్టాడు.