మీకు తెలుసా? ‘ఎ’ కంటే ‘యాన్’ పెద్దది

బడిలో ఇంగ్లిష్ చెప్పేటప్పుడు ముందు ‘ఎ’ (a) నేర్పి, తర్వాతి మాట అచ్చు శబ్దంతో మొదలైతే ‘యాన్’ (an) పెట్టమంటారు. చరిత్ర మాత్రం తలకిందులు. పాత ఇంగ్లిష్‌లో ‘ఒకటి’ని ‘ఆన్’ అనేవారు. నేటి ‘వన్’, ‘యాన్’ రెండూ అందులోంచి పుట్టినవే. హల్లుల ముందు నకారం రాలిపోయి ‘ఎ’ మిగిలింది. అదీ మెల్లగానే: 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఇంకా ‘యాన్ హండ్రెడ్’ అనే కనిపిస్తుంది.

ఈ నకారం ఊరికే ఉండలేదు. వంటింట్లో కట్టుకునే ‘ఏప్రన్’ అసలు ‘నాప్రన్’. ‘ఎ నాప్రన్’ జనం చెవికి ‘యాన్ ఏప్రన్’గా వినపడింది. ‘నిక్‌నేమ్’ది ఎదురు కథ: అదనపు పేరు అనే అర్థమున్న ‘ఎక్‌నేమ్’, పక్కనున్న ‘యాన్’ నుంచి నకారాన్ని లాగేసుకుంది. ఆరెంజ్ కూడా మన నారింజకు చుట్టమే. కానీ దాని నకారం ఇంగ్లండ్ చేరకముందే, ఐరోపా దారిలోనే ఊడిపోయింది. ఆ నేరం ‘యాన్’ది కాదు.