వేటపాలెమునకు మా వీడ్కోలు

బదిలీ యుత్తరువు వచ్చిననాడు ఇల్లాలు రెండు పద్దులు వ్రాయవలసివచ్చును. ఒకటి మూటగట్టవలసిన సామానులది. రెండవది తీర్పవలసిన బాకీలది. ఉపాధ్యాయుని సంసారములో సామానెంత? మొదటి పద్దు ఒక పూటలో ముగిసినది. పాలవానికిని, కిరాణాకొట్టునకును, ఇంటి యజమానికిని ఇయ్యవలసినది ఇచ్చివేసితిమి. అయినను రెండవ పద్దు తెగలేదు. తొమ్మిదేండ్లు మమ్ము కడుపులో పెట్టుకొని కాచిన యూరికి మే మేమి ఇచ్చి పోగలము? సోదరీమణులారా! ఆ పద్దునే నేడు మీ యెదుట విప్పుచున్నాము.

వేటపాలెము చీరాలకు ప్రక్కనున్న రైలుదారి యూరు. సముద్రము దగ్గరనే యున్నది. పూర్వము గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు కేంద్రముగా నేర్పడిన క్రొత్త జిల్లాలో చేరినది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము పేరు వచ్చినది. 2022 నుండి ఈ యూరు బాపట్ల జిల్లాలోనిది. జిల్లా పేరెన్నిమారులు మారినను మగ్గపు చప్పుడును, జీడిపప్పు వాసనయు ఊరిని విడువలేదు.

మా మొదటి ఋణము మగ్గపు వీధి యక్కగారిది. పడుగు పేకల భేదమైన నెఱుగని మాకు కండె చుట్టుట నేర్పినది ఆమెయే. అంతకన్న పెద్దపాఠ మొకటి నేర్పినది. ఒక చీర ముగిసినపుడు నేతగాడు మగ్గమును బోసి చేయడు. మిగిలిన పాత పడుగు కొసలకు క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పురిపెట్టి యతుకును. వేలకొలది పోగులు, ఒక్కటి తప్పినను నేతలో జాడ తెలియును. “పాతది లేక క్రొత్తది యల్లుకోదమ్మా!” అని యామె యనెడిది.

రెండవ ఋణము జీడిపప్పు కొట్టుకొను తల్లులది. జీడిపిక్క తొక్కలోని రసము చర్మమును కాల్చును. ఆ మరకలు పడిన చేతులతోనే పప్పు విఱుగకుండ వెలికిదీయుదురు. మా చిన్నవానికి విషజ్వరము వచ్చి, మా వారు ఊరలేని రాత్రి, ఆ తల్లులలో నొకరు తన కూలిదినమును పోగొట్టుకొని తెల్లవారులు వాని తలాపున కూర్చుండెను. మఱునాడు మేము డబ్బు చేతబెట్టబోగా, “బిడ్డ జ్వరానికి కూలేమిటమ్మా!” అని వెడలిపోయెను. ఆ బాకీ యే పద్దులో వ్రాయుదుము?

మూడవది సారస్వత నికేతనముది. మేము బడి మెట్లెక్కినవారము కాము. తండ్రిగారి యొద్ద ఇంటనే భారత భాగవతములు చదువుకొంటిమి. పెండ్లియైన పిదప తెలిసిన పుస్తకములనే మరల మరల తిరుగవేయుటయే మా చదువు. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు స్థాపించిన యీ గ్రంథాలయము మాకు తలుపు తెరచినది. 1929లో మహాత్మాగాంధి ఇచ్చట భవనమునకు శంకుస్థాపన చేసిరి. ఆయన చేతికఱ్ఱ నేటికిని ఇచ్చట భద్రముగా నున్నది. పాత పత్రికల సంపుటములకై దూరదేశముల పరిశోధకులును వచ్చెదరు. ఆ పాత సంపుటములలో స్త్రీలు వ్రాసిన వ్యాసములు చదివిననాడే మాకును కలము పట్టు ధైర్యము కలిగినది.

ఊరు విడుచుట యను మాటకు ఈ ప్రాంతమున గొప్ప యర్థము కలదు. 1921లో చీరాల పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నుల నొల్లక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వాకిండ్లు వదలి, ఊరివెలుపల రామనగర మను పాకల పల్లె కట్టుకొని, పదునొకండు నెలలు ఎండకు వానకు ఓర్చిరి. వా రూరిని విడిచినది ఊరిమీది ప్రేమచేతనే. పాకలలోను పొయ్యి రాజేసి బిడ్డల నాకలికి ఓర్వనీయక కాచిన యా యిల్లాండ్రను తలచుకొన్నప్పుడు, బండి యెక్కి పోవు మా కష్టమెంత యనిపించును.

కాళిదాసుని శకుంతల యత్తవారింటికి బోవునపుడు తాను పెంచిన తీగెను చెలుల కప్పగించినది. అప్పుడు చెలులు, తమ్మెవరి కప్పగించితివని కంటతడి పెట్టిరి. మేమును మా మల్లెపాదును అక్కగారి కప్పగించితిమి. ఆమె యేమియు ననలేదు. కొంగు కన్నుల కద్దుకొని లోనికి పోయెను.

మేము పోవు నూరిలో గ్రంథాలయము లేదని వింటిమి. ఆ మాట విని రెండు రాత్రులు నిద్రపట్టలేదు. తుదకు ఒక నిశ్చయము చేసికొంటిమి. మా యొద్ద నున్న నలువది పుస్తకములను అచ్చటి వీధియరుగుపై నొక బీరువాలో నుంచి, శనివారము మధ్యాహ్నము ఆ వీధి స్త్రీలను పిలువగలము. చదువురానివారికి మేమే చదివి వినిపింతుము. వేటపాలెపు పడుగు కొస మా చేతిలో నున్నది. అచ్చటి పోగులను దానికి పురిపెట్టవలెను.

సోదరీమణులారా! మీకును ఊరు మారవలసిన దినము వచ్చినచో, బండి కట్టకముందే ఋణదాతల యిండ్లకు స్వయముగా పోయి, మీరు చేసిన మేలు ఇది యని నోరార చెప్పి రండు. తీర్పరాని ఋణమును ఒప్పుకొనుటయే కృతజ్ఞత. దానిని మఱియొకరికి చెల్లించుటయే తీర్పు. తల్లీ, వేటపాలెమా! నీకు శుభమగుగాక.