నీటి అడుగున తోడు

సెలవులు వస్తే చాలు, మన పిల్లల్లో కొందరు మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవికో, సింధుదుర్గ్ జిల్లాలోని తార్కర్లీకో, పుదుచ్చేరికో స్కూబా డైవింగ్‌కని బయలుదేరుతున్నారు. వీపున గాలి సిలిండరు, నోట్లో రెగ్యులేటరు పెట్టుకుని చేపల మధ్య తిరగడం ముచ్చటైన అనుభవమే. అయితే ఈ విద్య పద్ధతిగా నేర్చుకునేవారు ఆపదలో ఏం చేయాలో కూడా నేర్చి తీరాలి.

ఒంటరిగా దిగకూడదన్నది ఇందులో ముఖ్య నియమం. ప్రతివారికీ ఒక జోడీ ఉండాలి. ఆ జోడీనే 'బడ్డీ' అంటారు. దిగే ముందు ఒకరి సామగ్రిని ఒకరు పరీక్షించాలి. సిలిండరు పూర్తిగా తెరిచారా, గాలి ఎంత ఉంది, అదనపు రెగ్యులేటరు ఎక్కడ ఉంది అన్నవి చూసుకోవాలి.

నీటిలో మాటలుండవు, సైగలే. బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అనుకునేరు! 'పైకి పోదాం' అని దాని అర్థం. అరచేతిని గొంతుకు అడ్డంగా కోసినట్టు కదిపితే 'గాలి అయిపోయింది' అని. అది చూడగానే జోడీ తన అదనపు రెగ్యులేటరు అందించాలి. అందుకున్నవారు దానిలోని నీటిని ఊదేసి, ఆపైన గాలి పీల్చాలి. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని, ఊపిరి కుదుటపడ్డాక నెమ్మదిగా పైకి రావాలి.

నెమ్మదిగా ఎందుకంటే, 10 మీటర్ల లోతున ఒత్తిడి నీటిపైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు వ్యాకోచిస్తుంది. ఊపిరి బిగబట్టి పైకి దూకితే ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణానికే ముప్పు. అందుకే ఊపిరి ఎన్నడూ బిగబట్టవద్దంటారు. నిమిషానికి 9 మీటర్లకు మించి పైకి రావద్దని చాలామంది శిక్షకులు చెబుతారు.

ఇదంతా చదివితే సులువే. భయం పుట్టినప్పుడు మాత్రం చదివింది గుర్తురాదు, అలవాటైన చేయే పని చేస్తుంది. కనుకనే మొదట ఈత కొలనులో, తరువాత సముద్రంలో, గాలి ఇచ్చేవారూ అందుకునేవారూ పాత్రలు మార్చుకుంటూ మళ్ళీ మళ్ళీ సాధన చేయిస్తారు.

ఒక్కపూట సరదాకు దిగేవారికి ఇంత శిక్షణ ఉండదు. వారికి తోడు శిక్షకుడే. ఆయన చేయి అందనంత దూరం పోకూడదు. పూర్తి శిక్షణ పొందిన పిల్లలైనా చాలాకాలం తరువాత మళ్ళీ దిగబోతుంటే, ముందు కొలనులో ఈ సాధన ఒకసారి చేయమని పెద్దలు గుర్తుచేయాలి. తోడు పక్కన ఉంటే చాలదు, ఆదుకోవడం తెలిసి ఉండాలి.