మంచు చిమ్మే మిషను కొంటున్నారా?

“ఇదేం విడ్డూరం! మదీనాగూడలో కూర్చుని మంచు మిషను గురించి రాయడమేమిటి?” అని నవ్వుకోకండి. మన దగ్గర నాలుగు వడగళ్లు పడితేనే పిల్లలు గిన్నెలు పట్టుకుని డాబా మీదికి పరిగెడతారు. అలాంటి మిషను మనకు ఏ జన్మకీ అవసరం రాదు, నిజమే. కానీ ఒక్కసారి మీ వీధిలో లెక్క వేసి చూడండి. కూతురో, కొడుకో, తమ్ముడో అమెరికాలోనో కెనడాలోనో ఉన్న ఇళ్లు ఎన్ని లేవు? పురుళ్లు పొయ్యడానికి, మనవలను చూసుకోవడానికి విమానం ఎక్కి వెళ్తున్నది మనమే కదా! అక్కడ చలికాలం ఇంటి ముందు మంచు పేరుకుపోతే, గుమ్మం దాటడం ఎలాగని దిగులుపడేదీ మనమే.

పోయిన చలికాలం నేను మా చెల్లెలింటికి వెళ్లాను. మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ దగ్గర నోవై అనే ఊరు. మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, వెంకటేశ్వరస్వామి గుడి కూడా ఉంది. నేను వెళ్లింది సరదాకి కాదు. మా మరిదికి గుండెలో స్టెంటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పిన మొదటి మాట, “ఈ ఏడాది మంచు తోసే పార ముట్టుకోవద్దు” అని.

పారతో పనేగా అనుకోకండి

నాకు ముందు అర్థం కాలేదు. దూదిలాంటి మంచు తొయ్యడానికి అంత భయమేమిటనుకున్నాను. మా మరిది మంచం మీద నుంచే లెక్క చెప్పాడు. ఇంటి ముందు కారు దారి 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. దాని మీద 6 అంగుళాల మంచు పడితే, తేలికపాటి మంచైనా టన్ను దాకా తూగుతుందట. తడి మంచైతే దానికి రెండు మూడింతలు! చలిగాలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, చేతులతో బరువెత్తితే బి.పి. పెరుగుతుంది. ఈ రెండూ ఒకేసారి గుండె మీద పడతాయి. మంచు తోస్తూ గుండెపోటు వచ్చి పడిపోయేవాళ్లు అక్కడ ప్రతి ఏడాదీ ఉంటారు.

డెట్రాయిట్ ప్రాంతంలో ఏడాదికి సగటున 45 అంగుళాల దాకా మంచు పడుతుంది. బఫెలో వైపు అయితే అంతకు రెట్టింపు. 2022 నవంబరులో బఫెలో పక్కనున్న ఆర్చర్డ్ పార్కులో ఒక్క తుఫానులోనే 6 అడుగులు దాటి పడింది. పైగా చాలా ఊళ్లలో ఇంటి ముందు కాలిబాట ఇంటివాళ్లే శుభ్రం చెయ్యాలని నిబంధన. పోనీలే, ఎండకి కరుగుతుందని ఊరుకోవడానికి లేదు.

ఇంక ఆ బరువంతా మా చెల్లెలి మీద పడింది. జనవరిలో అక్కడ తెల్లవారేసరికి 8 అవుతుంది. పిల్లల బస్సు అంతకు ముందే వస్తుంది. అంటే చీకట్లో లేచి, వంట చేసి, బాక్సులు సర్ది, ఆపైన మంచు తొయ్యాలి. రెండు రోజులు పారతో తోసి నడుం పట్టేసి కూర్చుంది. “అక్కా, ఇలా అయితే ఇంట్లో ఇద్దరు రోగులవుతాం” అంది. అప్పుడు మొదలైంది మిషను వేట.

రెండు ‘టూ’ల గందరగోళం

కొట్లో అడుగు పెట్టగానే మాకు వచ్చిన మొదటి ఇబ్బంది పేర్లతోనే. టూ స్ట్రోక్ అంటారు, టూ స్టేజ్ అంటారు. రెండూ ఒకటే అనుకుని పొరబడితే డబ్బు వృథా.

టూ స్ట్రోక్ అనేది ఇంజను సంగతి. ఒకప్పుడు మన ఇళ్లలో ఉన్న స్కూటర్లు గుర్తున్నాయా? పెట్రోలులో ఆయిల్ కలిపి పోయించుకుని, నీలం పొగ వదులుతూ వెళ్లేవి. అవే టూ స్ట్రోక్ ఇంజన్లు. లోపలి పిస్టను ఒక్కసారి పైకీ కిందకీ వెళ్లివచ్చేసరికి ఒకసారి పెట్రోలు మండుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో పిస్టను రెండుసార్లు వెళ్లివస్తే గానీ ఒకసారి మండదు. అందుకే టూ స్ట్రోక్ ఇంజను చిన్నదిగా, తేలిగ్గా ఉన్నా బలం బాగా ఉంటుంది.

టూ స్టేజ్ అనేది మంచు విసిరే పద్ధతి. సింగిల్ స్టేజ్ మిషనులో తిరిగే రబ్బరు రెక్కలే మంచును ఎత్తి, అవే గొట్టంలోంచి దూరంగా విసురుతాయి. రెక్కలు నేలను రాసుకుంటూ మిషనును కాస్త ముందుకు లాగుతాయి కూడా. టూ స్టేజ్‌లో ముందున్న ఇనుప మర మంచును పోగు చేస్తుంది, వెనకనున్న ఫ్యాను దాన్ని విసురుతుంది.

చిన్న టూ స్ట్రోక్ మిషన్లన్నీ దాదాపుగా సింగిల్ స్టేజ్‌వే. 20 అంగుళాల వెడల్పున మంచు తీస్తాయి, 30 కిలోల అటూ ఇటూ ఉంటాయి. అంటే మన నిండు గ్యాస్ సిలిండరంత బరువన్నమాట. టూ స్టేజ్ అయితే మూడు నాలుగు సిలిండర్ల బరువు. మెట్లు ఎక్కించడం మాట అటుంచి, మలుపు తిప్పడానికే మా చెల్లెలికి చేతకాలేదు.

ఎవరి ఇంటికి ఏది?

కారు దారి చిన్నది, సిమెంటుదో తారుదో అయి, పడే మంచు ఆరేడు అంగుళాలు మించకపోతే చిన్న సింగిల్ స్టేజ్ చాలు. కంకర దారి అయితే మాత్రం అది వద్దు. రబ్బరు రెక్కలు నేలను తాకుతాయి కనుక రాళ్లను కూడా ఎత్తి విసురుతుంది. అది ఎదురింటి అద్దానికే తగలొచ్చు, మనిషికే తగలొచ్చు. కంకర దారికి, అడుగుల లెక్కన మంచు పడే ఊళ్లకి, పొడుగాటి దారులకి టూ స్టేజే కొనుక్కోవాలి.

కరెంటు మిషన్లు తేలిక, పొగ రాదు, స్టార్ట్ చెయ్యడం మీట నొక్కినంత సులువు. కానీ వైరు వెనకాలే ఈడ్చుకు తిరగాలి, అది రెక్కల్లో పడకుండా చూసుకోవాలి. బ్యాటరీవి ఇప్పుడు బాగా వస్తున్నాయి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది కనుక దాన్ని ఇంట్లోనే వెచ్చగా ఉంచుకోవాలి.

ఇక టూ స్ట్రోక్ సంగతి. కొత్తవి ఇప్పుడు దుకాణాల్లో దాదాపు కనిపించవు. పొగ గురించి ప్రభుత్వ నిబంధనలు గట్టిపడ్డాక కంపెనీలు ఫోర్ స్ట్రోక్‌కి, బ్యాటరీకి మారిపోయాయి. మిన్నెసోటాలోని టోరో లాంటి కంపెనీలు ఏళ్ల తరబడి చేసిన పాత టూ స్ట్రోక్‌లు మాత్రం ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. కొత్త పెట్రోలు మిషనుకు పెట్టే డబ్బులో సగం కంటే తక్కువకే దొరుకుతాయి. ఆపరేషన్ ఖర్చులతో ఉన్న ఇల్లు కదా, మా వాళ్లు అటే మొగ్గారు.

దాని సుగుణాలు చెప్పాలంటే తేలిక, గట్టి చలిలో కూడా తొందరగా అందుకుంటుంది, ఇంజను ఆయిల్ మార్చే పని లేదు. లోపాలూ చెప్పాలి కదా. పొగ, వాసన, చెవులు హోరెత్తే చప్పుడు, ప్రతిసారీ ఆయిల్ కలిపే చాకిరీ. ఆస్తమా ఉన్నవాళ్ల ఇంట్లో, ఇళ్లు మరీ దగ్గరగా ఉన్నచోట నేనైతే వద్దనే అంటాను.

పాతది కొనేటప్పుడు

పాత చీర మీద స్టీలు గిన్నెలు కొనేటప్పుడు ఎంత పట్టి పట్టి చూస్తామో అంతకు పదింతలు చూడాలి.

మొదటిది, వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపే తంటాలు పడి స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను రెండు మూడు లాగులకు అందుకోవాలి.

రెండోది, తాడు లాగేది అమ్మేవాడు కాదు, మీ వాడు కూడా కాదు. రోజూ దాన్ని నడపబోయే మనిషి లాగాలి. మేము చూసిన మొదటి మిషను మంచిదే. కానీ తాడు బిగువుకి మా చెల్లెలు నాలుగు లాగులకే భుజం పట్టుకుంది. వదిలేసి వచ్చాం. రెండోదానికి కరెంటు స్టార్టరు కూడా ఉంది. గోడ ప్లగ్గులో వైరు పెట్టి మీట నొక్కితే చాలు. అదే తీసుకున్నాం.

మూడోది, రబ్బరు రెక్కలు అరిగిపోయాయేమో, కింద నేలను గీకే పట్టీ, లోపలి బెల్టు ఎలా ఉన్నాయో చూడండి. ఇవి మార్చుకునేవే, కానీ ఆ మోడలుకు సామాను దొరుకుతోందో లేదో ముందే కనుక్కోవాలి.

నాలుగోది, ఆయిల్ పాలు. చాలా మిషన్లకు 50కి 1, అంటే 5 లీటర్ల పెట్రోలుకు 100 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్. కొన్ని పాతవాటికి 32కి 1. ట్యాంకు మూత మీదో, పుస్తకంలోనో రాసి ఉన్నదే పాటించాలి. ఉప్పు ఎక్కువైతే కూరే పోతుంది, ఇక్కడ ఆయిల్ మరిస్తే ఇంజనే పట్టేస్తుంది. మా చెల్లెలు ఆ డబ్బా మీద ‘ఆయిల్ కలిపినది’ అని తెలుగులో పెద్దక్షరాలతో రాసి అంటించింది. చలికాలం అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడపాలి. పాత పెట్రోలు జిగురుకట్టి మరుసటి ఏడాది మొరాయిస్తుంది.

ఆ రోజు జరిగింది

మంచులో రకాలున్నాయి. గట్టి చలిలో పడేది బియ్యప్పిండిలా పొడిపొడిగా ఉంటుంది, మిషను ఇట్టే విసిరేస్తుంది. చలి కాస్త తగ్గినప్పుడు పడేది గారెల పిండిలా ముద్దగా ఉండి గొట్టంలో అతుక్కుంటుంది. కొన్న నాలుగో రోజు అలాగే అయింది. బస్సు టైమవుతోంది, గొట్టం పూడుకుపోయింది. మా చెల్లెలు కంగారులో వంగి, గ్లవ్సు ఉన్న చెయ్యి అందులో పెట్టబోయింది. మిషను ఇంకా తిరుగుతూనే ఉంది!

గుమ్మంలో ఉన్న నేను ఎంత గట్టిగా అరిచానో నాకే తెలియదు. చెయ్యి వెనక్కి తీసుకుంది కనుక సరిపోయింది. అక్కడ చలికాలంలో వేళ్లు పోగొట్టుకుని ఆసుపత్రికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇలా గొట్టంలో చెయ్యి పెట్టినవాళ్లేనట. ఇంజను ఆపినా లోపలి బిగువుకి రెక్క ఒక్కసారి విదిలించవచ్చు. అందుకని ఆపాలి, తాళం తియ్యాలి, కాసేపు ఆగాలి. ఆ తర్వాత కూడా కర్రతోనే తియ్యాలి, చేత్తో ఎప్పుడూ వద్దు. తిరిగే గ్రైండరులో చెయ్యి పెట్టం కదా, ఇదీ అంతే.

మంచు అతుక్కోకుండా ఒక వంటింటి చిట్కా ఉంది. మొదలుపెట్టే ముందు, మిషను ఆపి ఉండగానే, గొట్టం లోపల వంటకు వాడే నూనె స్ప్రే కొట్టాలి. మైసూర్‌పాక్ పోసే పళ్లేనికి నెయ్యి రాయమూ? అదే సూత్రం.

ఇవి మరవకండి

గ్యారేజీలో పెట్రోలు మిషను స్టార్ట్ చేసి ఉంచకండి, తలుపు తీసి ఉన్నా సరే. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మన దగ్గర మూసిన బాత్రూములో గ్యాస్ గీజరుతో ప్రాణాలు పోయేది దానివల్లే.

వేడి ఇంజనులో పెట్రోలు పొయ్యకండి. చల్లారనివ్వండి.

చున్నీ, వేలాడే మఫ్లరు, చీరకొంగు వద్దు. చెవులకు రక్షణ పెట్టుకోండి.

గొట్టాన్ని మనుషుల వైపు, కార్ల వైపు తిప్పకండి. పిల్లలను లోపలే ఉంచండి.

గుండె జబ్బు ఉన్నవాళ్లకు మిషను ఉంది కదా అని అప్పజెప్పకండి. చలిలో దాన్ని తొయ్యడం కూడా శ్రమే. డాక్టరు సరేనన్నాకే. మా మరిది ఆ ఏడాదంతా కిటికీలోంచి సలహాలివ్వడంతోనే సరిపెట్టుకున్నాడు.

సంక్రాంతి నాటికి మా చెల్లెలికి ఆ మిషను మన మిక్సీలా అలవాటైపోయింది. పండగ రోజు పొద్దున్నే అరగంటలో దారి శుభ్రం చేసి, గుమ్మం ముందు చిన్న ముగ్గు కూడా వేసింది. మధ్యాహ్నానికి మళ్లీ మంచు పడి ముగ్గు కప్పడిపోయిందనుకోండి, అది వేరే సంగతి!

మీ అమ్మాయో, కోడలో మంచు మిషను కొంటున్నామని ఫోనులో చెబితే, ఎన్ని గుర్రాల బలం, ఎంత ధర అని అడిగేలోపు ఒక్క మాట అడగండి. “అబ్బాయి ఊళ్లో లేనప్పుడు నువ్వొక్కదానివే దాన్ని స్టార్ట్ చెయ్యగలవా, తిప్పగలవా, ఆపగలవా తల్లీ?” అవునంటే అదే మంచి మిషను. కాదంటే ఎంత గొప్పదైనా గ్యారేజీలో ఓ మూలకి చేరుతుంది. తెల్లవారుజామున మళ్లీ ఆ పారే చేతికొస్తుంది.