లోహంపై శాసనం: పాత సైనిక రివాల్వర్ల ముద్రలు, అసలుదనం – రాయలసీమ చరిత్ర రచనలో వాటి ఉపయోగం

ఉపోద్ఘాతం

కర్నూలు, కడప ప్రాంతాల చరిత్రలో ఆయుధానికి ప్రత్యేక స్థానం ఉంది. 1800లో దత్తమండలాలు నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించిన తరువాత థామస్ మన్రో పాలెగాళ్ల సైనికబలాన్ని అణచివేశాడు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా కూడబెట్టిన ఫిరంగులు, మందుగుండు సామగ్రి బయటపడ్డాయి. దానితో ఆయన పదవి పోయి, కర్నూలు కంపెనీ పాలనలోకి వచ్చింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానాపై దాడి చేశాడు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరితీశారు. ఇటువంటి గతం ఉన్న నేలపై పాత తుపాకి కనిపించగానే దానిని ఒక వీరుని పేరుతో ముడిపెట్టడం సహజం. అయితే ఆ ముడి నిలుస్తుందో లేదో నిర్ణయించవలసింది వస్తువే. పాత సైనిక రివాల్వరుపై ఉండే ముద్రలను ఎలా చదవాలో, వాటి ఆధారంగా అసలుదనాన్ని ఎలా నిర్ధారించాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తొలి తెలుగు శాసనంగా ప్రసిద్ధమైన కలమళ్ల శాసనం కడప జిల్లాలోనిదే. శాసన పరిశోధకుడు రాతిపై ఉన్న విషయాన్ని మాత్రమే చదవడు. లిపి ఏ కాలానిది, భాష ఆ కాలానికి పొసగుతుందా, చెప్పిన రాజు ఆ సంవత్సరంలో పాలించాడా అని కూడా పరీక్షిస్తాడు. వీటిలో ఒక్కటి పొసగకపోయినా అది కూట శాసనమేమోనని అనుమానిస్తాడు. రివాల్వరుకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

1. కాలపు హద్దులు

శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో తన రివాల్వరుకు పేటెంటు పొందాడు. లండన్‌లో ఆయన కర్మాగారం 1853లో పని ప్రారంభించింది. రాబర్ట్ ఆడమ్స్ పేటెంటు 1851 నాటిది; దానికి బోమాంట్ చేసిన మార్పు 1856 నాటిది. బ్రిటిష్ సైన్యం బర్మింగ్‌హామ్‌లో తయారైన వెబ్లీ మార్క్ 1 రివాల్వరును 1887లో, మార్క్ 6 రివాల్వరును 1915లో స్వీకరించింది. ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 రివాల్వరు 1932లో వచ్చింది.

ఈ తేదీలే మొదటి జల్లెడ. మధ్యలో మడిచి తూటాలు నింపే వెబ్లీ రివాల్వరును 1846 నాటి పోరాటానికి చెందినదని చెబితే, ఆ మాట ముద్రలు చదవకముందే వీగిపోతుంది. 1839 నాటి కర్నూలు ఆయుధాగారం విషయమూ అంతే. కథ ఎంత బలంగా ప్రచారంలో ఉన్నా నిర్మాణం దానికి అడ్డుపడుతుంది.

2. ముద్రలు వేసిన చేతులు

రివాల్వరుపై ఉన్న గుర్తులన్నీ ఒకేసారి, ఒకే చేతితో పడినవి కావు. వాటిని కనీసం ఐదు పొరలుగా విడదీయవచ్చు.

మొదటిది తయారీదారు ముద్ర. పేరు, నమూనా, పేటెంటు వివరాలు, క్రమసంఖ్య ఇందులోకి వస్తాయి.

రెండవది పరీక్షాగృహం ముద్ర. బర్మింగ్‌హామ్ పరీక్షాగృహం 1813లో చట్టం ద్వారా ఏర్పడింది. అధిక పీడనంతో కాల్చి చూసిన తరువాత కిరీటం కింద అక్షరాలతో ముద్ర వేస్తారు. కిరీటం కింద ‘బి వి’, ‘బి పి’ వంటి అక్షరాలు 1904 నిబంధనల నుంచి కనిపిస్తాయి. ‘బి ఎన్ పి’ అన్న కూర్పు 1955 నుంచి వాడుకలోకి వచ్చింది.

మూడవది సైనిక తనిఖీ ముద్ర. కిరీటం, తనిఖీదారు సంఖ్య, కర్మాగారాన్ని సూచించే అక్షరం ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ‘ఇ’ అక్షరం ఎన్‌ఫీల్డ్‌కు సంకేతం.

నాల్గవది యాజమాన్య ముద్ర. వెడల్పాటి బాణం బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి గుర్తు. బాణం కింద ‘ఐ’ అక్షరం ఉంటే అది భారత ప్రభుత్వ ఆస్తి అని అర్థం. దక్షిణ భారతంలో దొరికిన ఆయుధానికి ఈ చిన్న అక్షరం ఎంతో విలువైన ఆధారం. అది లేకపోతే ఆ రివాల్వరు ఒక అధికారి సొంతంగా కొన్నది కావచ్చు.

ఐదవది దళం గుర్తు, విడుదల గుర్తు. మొనలు ఎదురెదురుగా ఉండేలా వేసిన రెండు బాణాలు ఆయుధం సైనిక సేవ నుంచి అమ్ముడైందని తెలుపుతాయి.

3. అసలుదనమంటే పొరల మధ్య పొందిక

ఒక ముద్ర నిజమైనదైనంత మాత్రాన ఆయుధం మొత్తం అసలుదని చెప్పలేం. చట్రంపైనా, తూటాల సిలిండరుపైనా ఉన్న సంఖ్యలు ఒకటేనా అన్నది తొలి ప్రశ్న. అవి వేరైతే భాగాలు మారాయని అర్థం. సైనిక మరమ్మతుశాలల్లో భాగాలు మార్చడం మామూలే కాబట్టి దానిని వెంటనే మోసమనకూడదు. మార్పు జరిగిన కాలాన్ని వెతకాలి.

దళం పేరు కూడా కాలంతో పొసగాలి. మద్రాసు సైన్యంలోని 1వ మద్రాస్ పయొనీర్స్ 1903 పునర్వ్యవస్థీకరణలో 61వ పయొనీర్స్ అయింది. 1922లో మళ్లీ పేరు మారింది. 1915లో స్వీకరించిన మార్క్ 6 రివాల్వరుపై 1903కు ముందరి దళనామం కనిపిస్తే ఆ గుర్తు తరువాత ఎవరో చెక్కినదని అనుమానించాలి. అలాగే మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఒకే కుటుంబంలో కదలకుండా ఉందని చెప్పే రివాల్వరుపై ‘బి ఎన్ పి’ ముద్ర ఉంటే, 1955 తరువాత అది బర్మింగ్‌హామ్ పరీక్షకు వెళ్లిందని తేలుతుంది. అప్పుడు ఆయుధం నిజమైనదే, కథ మాత్రం కాదు. ఈ రెండింటినీ వేరుచేసి చూడటం పరిశోధకునికి అవసరం.

4. నకళ్లు, చెరిపివేతలు

ఖైబర్ కనుమ ప్రాంతపు చేతిపని తుపాకులు నకళ్లకు ప్రసిద్ధ ఉదాహరణ. విక్టోరియా రాణి 1901లో మరణించినా, ఆమె పేరును సూచించే ‘వి ఆర్’ అక్షరాల కింద తరువాతి సంవత్సరాలు వాటిపై కనిపిస్తాయి. కొన్నింటిపై అక్షరాలు తిరగబడి ఉంటాయి. ముద్రను చదవకుండా చూసి గీసిన చేతి పొరపాట్లివి. రూపసామ్యం కూడా మోసగించవచ్చు. స్వతంత్ర భారతంలో కాన్పూరు ఆయుధ కర్మాగారం తయారు చేసిన .32 రివాల్వరు వెబ్లీ నమూనాకు చాలా దగ్గరగా ఉంటుంది.

నకలు కంటే తరచుగా ఎదురయ్యే ప్రమాదం శుభ్రం చేయడం. గట్టి అచ్చుతో కొట్టినప్పుడు అక్షరం చుట్టూ లోహం కొద్దిగా ఉబుకుతుంది. గరుకు కాగితంతో రుద్దితే ఆ ఉబుకు పోతుంది. అక్షరం లోతు తగ్గుతుంది. పదునైన అంచులు గుండ్రమవుతాయి. తరువాత నీలిపూత వేస్తే వస్తువు కొత్తదానిలా మెరుస్తుంది గాని దాని సాక్ష్యం పోతుంది. గుంటల మీదుగా సాగిన పూత, అరిగిన అక్షరాల పక్కన మెరిసే ఉపరితలం ఈ పనిని పట్టిస్తాయి.

5. నమోదు పద్ధతి, చట్టం

పరిశీలన ఆయుధాన్ని చట్టబద్ధంగా కలిగినవారి సమక్షంలో, అది ఖాళీగా ఉందని నిర్ధారించిన తరువాతే జరగాలి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షను, మరమ్మతు చేసినా కాల్చడానికి పనికిరాని పురాతన ఆయుధాలకు మాత్రమే మినహాయింపు ఇస్తుంది. పాతది అన్న ఒక్క కారణంతో రివాల్వరుకు ఆ మినహాయింపు రాదు. 1972 పురావస్తువుల చట్టం సాధారణంగా నూరేళ్లు నిండిన వస్తువును పురావస్తువుగా పరిగణిస్తుంది. ఈ రెండు చట్టాల ప్రయోజనాలు వేరు.

ప్రతి ముద్రనూ పక్కనుంచి వాలుగా పడే వెలుతురులో, కొలబద్దతో సహా ఛాయాచిత్రం తీయాలి. ముద్ర ఉన్న చోటు, లోతు, అరుగుదల రాసుకోవాలి. కుటుంబం చెప్పిన కథను చెప్పినట్టుగానే, కాని వేరే పత్రంలో నమోదు చేయాలి. తుప్పును తొలగించే ప్రయత్నం చేయకూడదు.

ముగింపు

రాయలసీమ పోరాటాల స్మృతి గాథల్లో, కోటగోడల్లో, కుటుంబాల జ్ఞాపకాల్లో నిలిచి ఉంది. ఆ స్మృతికి తప్పుడు వస్తువును సాక్ష్యంగా నిలబెడితే, అది వీగిపోయిన రోజున నిజమైన చరిత్రపై కూడా అనుమానం కలుగుతుంది. నరసింహారెడ్డి పోరాటం నిజం కావడానికి ఒక రివాల్వరు అవసరం లేదు. ఆ రివాల్వరు ఎవరిది, ఎప్పటిది, ఏ దారిన ఈ నేలకు చేరిందన్నది మరొక చరిత్ర. లోహంపై మిగిలిన ముద్రలను పొరలుపొరలుగా చదివినప్పుడే ఆ రెండవ చరిత్ర వెలికివస్తుంది, మొదటిది భద్రంగా ఉంటుంది.